బెల్లం పొయ్యి దగ్గర మా బాతులు

అనకాపల్లిలో చలి ముదిరిందని చెరువు గట్టు మీద మా బాతుల గూటికి గోనెపట్టాలు కట్టి, లోపల వరిగడ్డి పరిచాను. అయినా అవి రాత్రి గూటికి రావడం మానేశాయి. ఈ రోజు పొద్దున్నే వెతుక్కుంటూ వెళితే, పక్కింటి నాయుడు బావ బెల్లం వండే పొయ్యి పక్కన హాయిగా పడుకుని ఉన్నాయి.

నేనింకా నోరు తెరవకముందే, “సలికొత్తన్నాయి బావా, పాపం, తోలీడానికి మనసొప్పలేదు” అన్నాడు. బావకి ఇంత జాలి ఎప్పుడు పుట్టిందో!

“మరి గుడ్లేవి?” అన్నాను.

“ఈ సలికి బాతులు గుడ్లెడతాయేటి?” అన్నాడు.

సరేనని బాతుల్ని తోలుకొస్తుంటే, ఇంట్లోంచి బావ భార్య కేకేసింది: “అన్నియ్యా, గుడ్డట్టేసేను, తినెల్లు!”

వాళ్ళకి కోళ్ళు లేవు. బావ గుడ్లు కొనే మనిషీ కాదు. అట్టు మాత్రం చాలా బాగుంది. మీరైతే తినేవారా, నిలదీసేవారా?