నీళ్లంటే భయమని చెప్పాను

మా బడి కుట్టు టీచరుగారు పోయారని మొన్న మంగళవారం పొద్దున్నే ఆవిడ మనవరాలు ఫోన్ చేసింది. “అమ్మమ్మ నిద్రలోనే పోయింది టీచర్. మీకు మాత్రం తప్పకుండా చెప్పమని ఎన్నిసార్లు చెప్పిందో” అంది. తొంభై దాటిన మనిషి. ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాయమని బడి పాత విద్యార్థినులు నన్ను అడిగారు. మంచి మాటలకేం, ఎన్నైనా ఉన్నాయి. వాటికంటే ముందు ఒప్పుకోవలసిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఆవిడ ఉండగా ఆవిడకు చెప్పలేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

గుంటూరులో ఆడపిల్లల మిషన్ హైస్కూల్లో ఆవిడ ముప్పై ఏళ్లు కుట్టుపని నేర్పారు. నేను అక్కడే ఇంగ్లీషు చెప్పేదాన్ని. మిరపకాయల రోజుల్లో మిర్చి యార్డు వైపు నుంచి గాలి వీస్తే క్లాసంతా తుమ్ములే. ఆవిడ మాత్రం పైటకు నాలుగు సూదులు గుచ్చుకుని, దారం పళ్లతో తెంపుతూ, బల్లల మధ్య తిరుగుతూనే ఉండేవారు. ఏ పిల్ల జాకెట్టు కుట్టి తెచ్చినా ముందువైపు చూసేవారే కాదు. “పైకి ఎవరైనా బాగానే కుడతారే. తిప్పి చూపించు” అనేవారు. లోపల కుట్టు వంకరగా ఉంటే తిట్టకుండా తనే కూర్చుని విప్పేవారు.

ఆవిడదీ నాదీ ఒకటే ఊరు, ఒంగోలు వైపు. అక్కడ బావులన్నీ ఉప్పునీళ్లు. తాగడానికి మంచినీళ్ల చెరువొక్కటే దిక్కు. మా రైతుల ఇళ్ల ఆడవాళ్లు మెట్లు దిగి బిందెలు ముంచుకునేవాళ్లు. ఊరికి దూరంగా ఉన్న పల్లె నుంచి వచ్చిన కిరస్తానీ ఆడవాళ్లు కట్ట మీదే ఎండలో నిలబడేవాళ్లు. మెట్టు దిగడానికీ, నీళ్లు ముట్టుకోవడానికీ వాళ్లకు వీల్లేదు. మా నాయనమ్మకు బుద్ధి పుట్టినప్పుడు, బిందెకు బిందె తగలకుండా, పైనుంచి ధారగా పోసేది. అది పుణ్యమనుకునేది. చిన్నప్పుడు నేను ఆ పక్కనే నిలబడి చూశాను. ఆ నిలబడినవాళ్లలో టీచరుగారి తల్లి ఉండేదనీ, అంతకు ముందు చిన్నపిల్లగా ఆవిడా ఉండేవారనీ నాకు తెలుసు. మేమిద్దరం ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఎనభైల్లో ఇంగ్లండు నుంచి ఒక చర్చి వాళ్లు మా బడి టీచర్లను ఇద్దరిని ఆరు వారాలకు పిలిచారు. పిల్లల కుట్టుపని చూపించడానికి ఆవిడ, మాట్లాడటానికి నేను వెళ్లాం. ఆవిడకు ఇంగ్లీషు నోరు తిరగదు. అర్థం కూడా కాదనే నేను అనుకున్నాను. ఒక శనివారం మమ్మల్ని సరస్సులు చూపించడానికి బస్సులో తీసుకెళ్లారు. దారంతా రాతి గోడలు, గొర్రెలు, సన్న జల్లు. కొండల మధ్య పొడుగ్గా ఉన్న మొదటి సరస్సు మీద స్టీమరెక్కి ఆ చివరి దాకా వెళ్లొచ్చాం. అంతసేపూ ఆవిడ కమ్మీ పట్టుకుని నీళ్లనే చూస్తూ నిలబడ్డారు. తర్వాత జలపాతం దగ్గర, “ఇన్ని నీళ్లు ఊరికే పోతున్నాయండీ అమ్మాయిగారూ!” అని నా చెయ్యి పట్టుకున్నారు. మా ఊళ్లో అప్పటికి రెండేళ్లుగా మిరపచేలు ఎండిపోతున్నాయి.

టీ దుకాణంలో ఆవిడ నేత చీర మీద ఎవరో ఇచ్చిన మగవాళ్ల స్వెట్టరు వేసుకుని, కేకు చేత్తో తుంచుకు తిన్నారు. పక్క బల్లల వాళ్లు చూస్తుంటే నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గు.

సాయంత్రం ఒక చిన్న సరస్సు దగ్గర ఆగాం. గులకరాళ్ల ఒడ్డు, అద్దెకిచ్చే పడవలు, బాతులు. పిల్లలు మోకాళ్ల లోతు నీళ్లలో కేరింతలు కొడుతున్నారు. ఎవరిదో నల్ల కుక్క నీళ్లలోకి దూకి, ఈదుకుంటూ వెళ్లి పుల్ల కరచుకొచ్చింది. టీచరుగారు దాన్నే చూస్తూ చెప్పులు విడిచి చేత పట్టుకున్నారు. నీళ్లు అడుగు దూరంలో ఉన్నాయి.

“అమ్మాయిగారూ, ఆ పడవలాయన్ని ఒక మాట అడగండి. నేను నీళ్లు ముట్టుకోవచ్చా అని.”

“అడగడమెందుకండీ, కుక్కే దిగింది గదా!” అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను.

“అయినా అడగండి. అడిగి దిగితే నాకు బాగుంటది.”

మమ్మల్ని చూసి పడవల ముసలాయనే దగ్గరకొచ్చి, ఆవిడకేం కావాలని నన్ను అడిగాడు. చర్చి ఆడవాళ్లూ వచ్చి నిలబడ్డారు. టీ తాగుతూ వాళ్లకు మా ఊరి గురించీ, మా నాయనమ్మ దానధర్మాల గురించీ గొప్పగా చెప్పి ఉన్నాను. ఇప్పుడీ ప్రశ్న ఉన్నదున్నట్టు చెబితే, ఇంత పెద్దావిడ నీళ్లు ముట్టుకోవడానికి సెలవు అడగడమేమిటని అడుగుతారు. దానికి జవాబు చెప్పవలసింది నేను.

“ఏమీ లేదు. ఆవిడకు నీళ్లంటే భయం” అని ఇంగ్లీషులో చెప్పేశాను.

ముసలాయన జాలిగా నవ్వి, ఆవిడ మోచెయ్యి పట్టుకుని, జాగ్రత్తగా నాలుగడుగులు వెనక్కి నడిపించాడు. ఆవిడ నా ముఖం వంక చూశారు. తర్వాత చెప్పులు తొడుక్కుని, “పదండి, బస్సు కదులుతుందేమో” అన్నారు. ఇక్కడ కూడా కూడదన్నారని ఆవిడ అనుకుని ఉంటారని, ఇల్లు చేరాక నిజం చెబుదామని, నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

తిరిగొచ్చాక కుట్టు క్లాసులో పిల్లలు ఆవిడ చుట్టూ మూగారు. కొండలు, స్టీమరు, బాతులు, అన్నీ చెప్పారు. నేను గుమ్మంలో నిలబడి వింటున్నాను. “నీళ్లలో దిగారా టీచర్?” అని ఒక పిల్ల అడిగింది.

“లేదే. నాకు నీళ్లంటే భయం” అన్నారావిడ, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

నా వైపు చూడలేదు. ఆ ఒడ్డున నేనన్న ప్రతి మాటా ఆవిడకు అర్థమైంది. నా అబద్ధాన్ని పిల్లల ముందు తన మీద వేసుకున్నారు.

ఇన్నేళ్లలో ఒక్కసారైనా నేను నోరు విప్పలేదు. పోయిన ఏడాది ఆవిడ మంచాన పడితే బత్తాయిలు పట్టుకుని వెళ్లాను, ఈసారి చెప్పేద్దామనే. చూపు ఆనకపోయినా నా జాకెట్టు చేతి అంచు మడిచి, వేలితో తడిమి, “లోపల సరిగా కుట్టలేదండీ మీ దర్జీ” అన్నారు. నవ్వేసి వచ్చేశాను. అడిగితే ఆ క్షణమే క్షమిస్తారని తెలుసు. భయం నాకు అదే.

ఆవిణ్ణి మా ఊళ్లోనే సమాధి చేశారు. అక్కణ్ణించి తిరిగొచ్చేసరికి పల్లెలో వాళ్ల ఇంటి ముందు మనవరాలు బకెట్టూ చెంబూ పెట్టుకుని, వచ్చినవాళ్లందరి కాళ్లకూ చేతులకూ నీళ్లు పోస్తోంది. నా వంతు వచ్చింది. వంగి దోసిలి పట్టాను. ఆ పిల్ల నా చీర కుచ్చిళ్లు తడవకుండా ఒక చేత్తో పక్కకు పట్టుకుని, చెంబు అంచు నా వేళ్లకు ఆనించి మెల్లగా పోసింది.

“ఇంకొంచెం పొయ్యనా టీచర్?” అంది.

దోసిలి ఎప్పుడో నిండి పొర్లిపోతోంది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు.