మిల్లు తువ్వాలు

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది వేసంగిలో నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుడు కూర్మయ్య పోయాడు. కర్మలు ముగిసిన రోజున, ఆనవాయితీ ప్రకారం, అతని బట్టలన్నీ చాకలికిచ్చేశారు. పెంపుడు కుందేలు పడుకునే అతని పాత చొక్కా కూడా ఆ మూటలో పోయిందని భార్య గున్నమ్మ గమనించలేదు.

మర్నాటి నుంచి కుందేలు గడ్డి ముట్టలేదు. పొట్ట బిగిసింది, పెంటికలు ఆగిపోయాయి. వాము నీళ్లు పట్టినా లాభం లేకపోయింది.

"నువ్వూ తినవు, అదీ తినదు. ఎవరికెవరు నేర్పేరే?" అంది పక్కింటి తాయారు.

"నాకాకలి లేదప్పా. దానికేటయిందో తెలీదు."

ఆ సాయంత్రం కూర్మయ్యతో పనిచేసిన గంగులు మిల్లు నుంచి నేరుగా పలకరించడానికి వచ్చాడు. ఒంటినిండా, భుజం మీది తువ్వాలు నిండా జనపనార నూగు, నారకు పట్టించే నూనె వాసన. కుందేలు మూలలోంచి లేచి వచ్చి, అతని కాళ్ల దగ్గర ఒదిగి కూర్చుంది. గున్నమ్మ చాలాసేపు దాన్నే చూసింది.

"ఆ తువ్వాలు ఇచ్చెళ్లు, గంగులూ."

"మురికిది వదినా. ఉతికి తెస్తాను."

"ఉతికితే ఇంకెందుకూ?"

తువ్వాలు పరిస్తే కుందేలు దాని మీదే పడుకుంది. పొద్దుపోయాక నాలుగు గడ్డి పరకలు కొరికింది. ఆ వాసన ఎన్నాళ్లో ఉండదని గున్నమ్మకు తెలుసు. గంగుల్ని మళ్లీ అడగాలి. అందుకైనా ఓపిక ఉండాలని గంజి వంపుకుంది.