పెరటాసి నెలలో ఆపిన మాత్రలు

నాలుగిళ్లకు వినబడేలా మాట్లాడే నేను, ఒక్క మాటను మాత్రం ఏళ్ల తరబడి గొంతులోనే పెట్టుకున్నాను. ముద్ద దిగేటప్పుడు కూడా అడ్డం పడుతోంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది చిత్తూరు. అత్త పోయాక మా మామకు తోడంటే కరియ అనే నల్లకుక్కే. ఒకసారి దాని కళ్లు పచ్చబడ్డాయి, చిగుళ్లు పాలిపోయాయి, మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది. దాని రక్తాన్ని దాని ఒళ్లే చంపేసుకుంటోందన్నాడు తిరుపతి డాక్టరు. మాత్రలు రాసిచ్చి, కుదుటపడినా సరే, తను చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపొద్దన్నాడు. మామకు చూపు ఆనదు. సంగటి ముద్దలో మాత్ర పెట్టి వేసే పని నాది. కరియ లేచి తిరిగింది. మామ మళ్లీ నవ్వారు.

కానీ ఆ మాత్రల వల్ల దానికి ఒకటే దాహం. బిందెడు నీళ్లు తాగి ఇల్లంతా పోసేది. అంతలో పెరటాసి వచ్చింది, మావైపు వెంకటేశ్వరస్వామికి శనివారాలు చేసే నెల. శనివారం స్వామికి ఆకులో నైవేద్యం వడ్డించి తళిగ వేయాలని ఇల్లు కడిగి, మడి కట్టుకుని, పొంగలి దించేసరికి దేవుడి గది గడపలో మడుగు! నాకు ఒళ్లు మండిపోయింది. బాగానే ఉంది కదా, ఈ శనివారాలు అయ్యేదాకా ఆపితే ఏం కొంప మునుగుతుంది అనుకున్నాను. ఉత్త ముద్దే పెట్టాను. తోకాడిస్తూ తినింది. భక్తితో చేశానా, తుడవలేక చేశానా? భక్తి అనడానికి నోరు రావడం లేదు.

మళ్లీ కళ్లు పచ్చబడ్డాయి. భయపడి మాత్రలు మొదలుపెట్టాను. డాక్టరుకు కూడా నిజం చెప్పలేదు. పెరటాసి ముగియకముందే కరియ మామ ఒళ్లో తల పెట్టుకుని పోయింది.

"వానలో తిప్పినాను సూడమ్మా, అందుకే తిరగబెట్టింది. నేనే సంపుకున్నాను," అన్నారు మామ.

"మీరేం జేస్తారు మామా, దాని రాత అట్లుండాది," అన్నాను.

"నువ్వు మాత్రం బిడ్డ మాదిరి సూసుకున్నావు తల్లీ," అని నా చేయి పట్టుకున్నారు.

నేను చేయి లాక్కోలేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆయన ఆ మాటే చెప్పేవారు. నేను కాఫీలు అందిస్తూ వినేదాన్ని. చెప్పేలోపే నిరుడు ఆయన పోయారు. కాదు, ఇదీ అబద్ధమే. చెప్పడానికి బోలెడు రోజులున్నాయి. ఆయన నోట మంచి కోడలు అనిపించుకోవడం పోగొట్టుకోలేక చెప్పలేదు. ఆ పేరు కోసం ఆ మనిషిని తన తప్పు కానిదాన్ని మోస్తూ పోనిచ్చాను.

వాన వల్ల కాదు. మాత్రలు ఆపింది నేను. క్షమించమని ఎవరినీ అడగను, అడగాల్సిన మనిషి లేరు. ఈ పూట మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది.