బాపు ఎంచిన మదర్‌బోర్డు

మా చిన్నప్పుడు... చలికాలం పొద్దెక్కినా మంచు విడిచేది కాదు. చెరుకు బండ్లు ఫ్యాక్టరీ గేటు నుంచి మా గల్లీ మలుపు దాకా నిలబడేవి. బాపు... మా నాన్న... ఆ బండ్ల సందుల్లోంచే పనికి నడిచేవాడు. చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్... చెరుకు ఆడే సీజన్ ఉన్నన్నాళ్ళే పని. అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం; ఎండ పడే గడపలో చాట ముందు పెట్టుకుని బీడీలు చుట్టేది. ఇంటర్ తప్పిన అన్న ఫ్యాక్టరీలో చెరుకు తూచే కాటా దగ్గర బండ్లకు చీటీలు రాసేవాడు.

రెండువేల రెండో, మూడో సంవత్సరం... నేను తొమ్మిదో తరగతి.

అన్నకు ఒకటే ఆలోచన. మా ముందు గదిలో గేములాడే కంప్యూటర్ పెడితే కాలనీ పిల్లలు గంటకింత ఇచ్చి ఆడతారు. అది నడిస్తే మళ్ళీ కాటా దగ్గర నిలబడే అవసరం ఉండదు.

"గా డబ్బల ఏం పండుతదిరా?" అంది అవ్వ, తునికాకు కత్తిరిస్తూ.

"పండుడు కాదే అవ్వా... పిల్లగాండ్లు లైన్ కడతరు సూడు."

సీజన్ ముగిసింది. అన్న జీతానికి బాపు కొంత కలిపాడు. ముగ్గురం నిజామాబాద్ బస్సెక్కాం. కంప్యూటర్ పత్రికలోంచి పేర్లు దించిన కాగితం నా చేతిలో ఉంది... ఇంగ్లీషు గుండ్రంగా రాస్తానని నన్ను వెంట తీసుకెళ్ళారు.

మెట్ల కింద ఇరుకు దుకాణం. దుకాణాయన మా కాగితం చదివి రెండు అట్టపెట్టెలు ముందు పెట్టాడు.

"సూడు కాకా... ప్రాసెసర్ పెద్దది తీస్కుంటే బోర్డు మామూలుది ఒస్తది. బోర్డు మంచిది తీస్కుంటే ప్రాసెసర్ చిన్నది. రెండూ పెద్దయి మీ బడ్జెట్ల రావు."

"ప్రాసెసరే పెద్దది," అన్నాడు అన్న వెంటనే.

బాపు మంచి మదర్‌బోర్డును రెండు చేతులతో వెలుతురుకు ఎత్తాడు. వెనక్కి తిప్పి చూశాడు. ప్రాసెసర్ కూర్చునే తెల్లటి గూడులో వేలు పెట్టబోతే దుకాణాయన ఆపాడు.

"మిషిన్ కూసునే బెడ్డు గట్టిగుండాలె," అన్నాడు బాపు. "మా మిల్లు బెడ్డు నేను పుట్టకముందు ఏసిండ్రు. దాని మీద ఇంజన్ మారింది, మోటర్లు మారినయ్. బెడ్డు మాత్రం కదల్లే. ఇంజన్‌దేముంది... ఒచ్చే సీజన్ల పెద్దది ఏసుకుందం."

"బాపూ, గిది సెరుకు పిండే మిషిన్ కాదే!"

"ఏ మిషిన్ అయినా మిషినే. నువ్వు ఒక్క సీజన్ చీటీలు రాసినవ్. నేను ఇరవై ఆరు సీజన్లు బోల్టులు బిగించిన. ఎవలికి ఎరుకుంటది?"

దుకాణాయన నవ్వాడు. "కాక చెప్పింది గూడ తప్పు కాదు. ఎనకసిరి పైసలొచ్చినంక ప్రాసెసర్ మార్చుకోవచ్చు."

బాపు నా వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్ బిడ్డా?"

నాకేమీ తెలియదు. బాపు చెప్పిందే బాగుందన్నాను. అన్న నా చేతిలోంచి కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రానికి బిగించి ఇచ్చారు. తెచ్చి ముందు గదిలో పెట్టాం.

మొదట్లో పిల్లలు నిజంగానే వరుస కట్టారు. పాత ఆటలు బాగా నడిచాయి. వేసవి సెలవుల్లో కొత్త కార్ల పందెం ఆట వచ్చింది. అందరికీ అదే కావాలి. చిన్న ప్రాసెసర్ కదా, మా దాంట్లో కారు ప్రతి మలుపు దగ్గరా ఆగి ఆగి కదిలేది.

"అన్నా, నీ కారు కన్న మా తాత ఎడ్లబండి నయమే," అన్నాడొకడు.

"ఎడ్లయితే కొడితే ఉరుకుతయ్ రా," అన్నాడు ఇంకొకడు.

బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌లో ఆ ఆట ఆగకుండా నడిచేది. పిల్లలు అటు పోయారు. అన్న బాపును ఒక్క మాట అనలేదు. చలికాలం రాగానే మళ్ళీ కాటా దగ్గర నిలబడ్డాడు. ఆ సీజన్ జీతాలు అవ్వ దగ్గు మందులకే పోయాయి. ఇంకో సీజన్ అయ్యాక బాపు నన్ను తీసుకుని పెద్ద ప్రాసెసర్ కోసం నిజామాబాద్ వెళ్ళాడు.

"కాకా, మీ బోర్డుల కూసునే గా పిన్నుల ప్రాసెసర్ బంద్ అయింది," అన్నాడు దుకాణాయన. కొత్త ప్రాసెసర్ తిప్పి అడుగు చూపించాడు. పిన్నులు లేవు... బంగారు రంగు చుక్కలే. "గిది మీ దాంట్ల కూసోదు. బోర్డు గూడ మార్చాలె."

"మా బోర్డు ఖరాబ్ కాలే కద?"

"కాలే. మంచిగనే ఉంటది అది."

"రెండేండ్లకే బెడ్డు మారుస్తరా?"

ఆయన అప్పటికే ఇంకో గిరాకీతో మాట్లాడుతున్నాడు.

ఇంటికొచ్చాక బాపు చెప్పులు కూడా విడవకుండా అన్న ముందు నిలబడ్డాడు. "దొరకలేరా. నాదే తప్పయింది."

బాపు నోట ఆ మాట మేమెప్పుడూ వినలేదు. "పోనీ తియ్యే," అన్నాడు అన్న.

బాపు పాత దోస్తు ఒకాయన నాందేడ్ అవతలి చక్కెర ఫ్యాక్టరీలో ఉండేవాడు. అక్కడ జీతం ఎక్కువని ఏటా పిలిచేవాడు. పోతే ఇక్కడ బాపు చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. అందుకే ఎన్నడూ పోలేదు. ఆ వానాకాలం బాపే ఎస్టీడీ బూత్‌కు పోయి, వస్తానని ఆయనకు ఫోన్ చేశాడు.

"గీసారి బోర్డు, ప్రాసెసర్ రెండూ కొందం," అన్నాడు అన్నతో. "ఏది కావాల్నో నువ్వే సూస్కో."

"ఇక్కడి పని పోతది బాపూ."

"పోతె పోనీ..."

ఇప్పుడు మా పిల్లలు ఫోన్ పాతబడకముందే మార్చేస్తారు. లోపల ఏముందో తెలుసుకోవాలని ఎవరికీ ఉండదు, నాకూ లేదు. మీ ఇంట్లో మొదటి కంప్యూటర్ కొన్నప్పుడు ఎవరి మాట నెగ్గిందో... తీరిక దొరికితే రాయండి, చదువుతాను.

ఆ ఏడు దసరా అయిన నాలుగో రోజు బాపు బోల్టులు బిగించే పానాల సంచి అన్న బస్టాండు దాకా మోశాడు. బాపు పొద్దున ఆరున్నర బస్సుకు నాందేడ్ వెళ్ళాడు.