రిటైరైన కుక్కల ఆంటీ

మా పక్కింటి ఆంటీ పోయిన మంగళవారం ఉదయం కన్నుమూశారు. షికాగో దగ్గర నేపర్‌విల్‌లో మా వీధివాళ్ళందరికీ ఆమె రెండు ముసలి హస్కీ కుక్కలను నడిపించుకుంటూ వెళ్ళే చిన్న మనిషిగానే తెలుసు.

కాకినాడ నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు ఇక్కడి హాస్పిటల్లో నర్సుగా చేశారు. రిటైరయ్యాక, అలాస్కా మంచులో స్లెడ్ బండ్లు లాగి లాగి రిటైరైన ఈ రెండింటినీ రెస్క్యూ షెల్టర్ బోనులోంచి తెచ్చుకున్నారు. చర్చిలో ఒకాయన, "ముసలి కుక్కలెందుకండీ, పప్పీని తెచ్చుకోవచ్చుగా?" అన్నారట. "మీరు రిటైరైతే ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని పంపించేసి ఒక కుర్రాణ్ణి తెచ్చుకుంటారా?" అని అడిగేశారు ఆంటీ.

మొదటి చలికాలం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇకనైనా వాటికి చలి తగలకూడదని హీటర్ బాగా పెంచి, తన శాలువాలు కప్పారు. పాపం, అవి నాలుకలు వేలాడేసి రొప్పుతూ వెనక తలుపు దగ్గర కూలబడ్డాయి. తలుపు తీయగానే వెళ్ళి మంచులో పొర్లాయి. "అయ్యో, ప్రేమకొద్దీ ఉడకబెట్టేశానే!" అని తల పట్టుకున్నారు. ఆ రోజు నుంచి హీటర్ తగ్గించి, తనే రెండు స్వెట్టర్లు వేసుకుని తిరిగారు.

పొద్దున్నే అవి పనికి సిద్ధమన్నట్టు లేచి నిలబడేవి. తల నిమురుతూ, "డ్యూటీ అయిపోయిందమ్మా, ఇక మన ఇష్టం" అనేవారు.

పోయిన ఏడాది ఒకటి చనిపోయింది. చివరి రోజుల్లో ఆంటీ దిగులంతా మిగిలినదాని గురించే. "దీన్ని మళ్ళీ బోనులో పెడతారేమోనమ్మా" అన్నారు నాతో. నేను మాటివ్వలేదు. నాకు కుక్కలంటే చచ్చేంత భయం. ఆ సిగ్గు ఇంకా నన్ను వదల్లేదు.

అంత్యక్రియలయ్యాక జెర్సీ సిటీలో ఉండే వాళ్ళబ్బాయి, "అక్కా, మా బిల్డింగ్‌లో పెద్ద డాగ్స్‌ని అలౌ చేయరు. ఫ్రైడే రెస్క్యూ వాళ్ళు వచ్చి రిటర్న్ తీసుకుంటారు" అన్నాడు. వాడి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.

"రిటర్న్ ఏంటి తమ్ముడూ, అదేమైనా సైజు చాలని చొక్కానా? నేను తీసుకెళ్తాను."

మావారు నోరు తెరిచారు. "నీకు భయం కదా?"

"భయమైతే భయం. అది మాత్రం ఎక్కడికీ పోదు."

మా ఇంట్లో అది రెండు రోజులు ముద్ద ముట్టలేదు. ఈ ఉదయం వాకింగ్‌కి తీసుకెళ్తే, నేరుగా ఆంటీ గుమ్మం దగ్గరికి వెళ్ళి కూర్చుంది. నేనూ మెట్టు మీద కూర్చున్నాను. చాలాసేపటికి ధైర్యం చేసి దాని మెడ మీద చెయ్యి వేశాను. అది కదల్లేదు, నేనూ చెయ్యి తీయలేదు. మంచు పడటం మొదలైంది. ఆఫీస్ కాల్ ఒకటి వచ్చి ఆగిపోయింది. అప్పుడు అది లేచి, ఒళ్ళు దులుపుకుని, తాడు బిగదీసి, నన్ను మా ఇంటివైపు లాక్కుపోయింది.