రెప్ప వేయని చూపుకు ఏ మాట?

నిన్న పొద్దున కల్లూరు నుంచి షేర్ ఆటోలో కోర్టుకు వస్తుంటే పక్కన కూర్చున్నామె లవంగం నములుతోంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా వేళ్ళు ఒళ్ళోని సంచి మీద వాటంతట అవే టైపు కొట్టడం మొదలుపెట్టాయి. నా ఎదురుగా కూర్చున్నాయన వింతగా చూశాడు. సుగుణమ్మ మేడం గొంతు పాడైపోయిన మనిషి. రోజుకు పది లవంగాలు బుగ్గన పెట్టుకోనిదే ఆమెకు మాట పెగిలేది కాదు. ఆమె పక్కన కూర్చుని పని నేర్చుకున్న మూడేళ్ళూ నేను పీల్చిన గాలంతా అదే. ఆమె పోయి రెండేళ్ళయింది. ఇప్పటికీ ఆ వాసన వస్తే వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటాను, ఎక్కడ తప్పు కొట్టానో అని.

ఆమె మా జిల్లాలోనే ఒక కోర్టులో స్టెనో. ఏ ఊరి కోర్టో చెప్పను, చెప్పాల్సిన పని కూడా లేదు. అక్కడి పని తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. సాక్షి బోనులో నిలబడి తెలుగులో చెబుతాడు. జడ్జిగారు దాన్ని అక్కడికక్కడే ఇంగ్లీషు చేసి చెబుతారు. మేం టైపు చేస్తాం. అంతా అయ్యాక ఆ ఇంగ్లీషును మళ్ళీ తెలుగులో సాక్షికి చదివి వినిపించి, సరేనంటే సంతకమో వేలిముద్రో తీసుకుంటాం. రెండుసార్లు ఏరు దాటిన మాట అది. అటు పోయేటప్పుడు తడవకుండా పోయిందా, ఇటు వచ్చేటప్పుడు మునిగిందా అని చూసేవాళ్ళు తక్కువ. సుగుణమ్మ మేడం చూసేది.

నేను అక్కడ తాత్కాలిక టైపిస్టుగా చేరిన రోజున నాకున్న గర్వం ఇంతా అంతా కాదు. టైపింగులో హయ్యర్ పాసయ్యాను, డిగ్రీలో ఇంగ్లీషు మార్కులు బాగా వచ్చాయి. అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుందంటారు, నాది రెండో విస్తరి. మేడంది కమలాపురం దగ్గర పల్లె. వాళ్ళ నాన్న రెండెకరాలు చేసుకుంటూ ఆదివారాలు చర్చిలో వాక్యం చదివే మనిషి. చదివేది తనకు అర్థం కాకపోతే ఆగిపోయి, పాస్టరుగారిని అడిగి గానీ ముందుకు పోయేవాడు కాదట. జనం విసుక్కునేవాళ్ళట. కూతురికి ఆయన ఇచ్చిన ఆస్తి ఆ ఆగిపోవడమే.

"చూడ్డానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలుండాయి పాపా?" అని అడిగింది మొదటి రోజే. నేను లుక్, సీ, వాచ్, గేజ్, స్టేర్ అని గడగడా చెప్పాను. "స్టేర్ అంటే?" అంది. "ఉరిమి చూచుట" అన్నాను, బడిలో అప్పజెప్పినట్టే. "ఎవురు చెప్పినారు?" "ఎనిమిదో తరగతి గైడులో ఉంది మేడం." ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. "పో, వరండాలో కూర్చో. భోజనాల యాళ దాకా జనాన్ని చూసి రా. ఎవురెవురు స్టేర్ చేస్తాండారో, వాళ్ళు ఉరుముతాండారో లేదో నాకు చెప్పు" అంది.

పిచ్చిదానిలా వరండాలో కూర్చున్నాను. వాయిదాకు వచ్చిన ఒక ముసలాయన ఆగిపోయిన ఫ్యాను వైపు చూస్తున్నాడు, అరగంట కళ్ళు తిప్పలేదు. ఒకామె బీడీ కాలుస్తున్న కానిస్టేబుల్ నడుముకున్న బేడీల మీద చూపు పెట్టి బిడ్డ ఏడుస్తున్నా వినలేదు. ఒక పిల్ల బండి మీది జిలేబీలను చూస్తోంది. తిరిగొచ్చి చెప్పాను. "ఆ ముసలాయప్పకు ఫ్యాను మీద కోపమా?" అంది మేడం. కాదన్నాను. "మరి ఉరిమింది ఎవురు?" ఎవరూ లేరన్నాను. అప్పుడు చెప్పింది. స్టేర్ అంటే రెప్ప వేయకుండా, చూపు కదపకుండా చూడ్డం, అంతే. భయంతో కావచ్చు, ఆశతో కావచ్చు, మతిపోయి కావచ్చు, కోపంతోనూ కావచ్చు. ఎందుకు అనేది ఆ మాటలో ఉండదు. ప్రేమగా, తనివితీరా చూస్తే గేజ్. కోపంతో గుడ్లురిమితే గ్లేర్, నా గైడు చెప్పింది దాని సంగతి. మనిషిని స్టేర్ చేయడం ఇంగ్లీషోళ్ళకు మర్యాద కాదనీ, మనకు బస్సులో కూర్చున్నంతసేపూ అదే పని అనీ కూడా చెప్పింది. "ఎందుకు చూసినాడో చెప్పాల్సింది సాక్షి. నువ్వు చెప్పగూడదు పాపా. నువ్వు చెబితే అది సాక్ష్యం గాదు, చాడీ."

చదివి వినిపించడంలో కూడా ఆమెది వేరే పద్ధతి. మిగతావాళ్ళు రైలుబండిలా చదువుకుంటూ పోయి చివర "సరేనా?" అంటారు. సాక్షి "ఊ" అంటాడు. మా వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్ళు కోర్టులో దేనికైనా ఊ అంటారు. నల్లకోటు అడిగినా ఊ, బంట్రోతు అడిగినా ఊ. "ఈడ ఊ అంటే అవునని గాదు. నన్ను ఇడిసిపెట్టు సామీ అని" అనేది మేడం. అందుకే ఒక వాక్యం చదివి, "ఇప్పుడు నువ్వు చెప్పు, ఏం జరిగింది?" అని సాక్షి నోటితోనే మళ్ళీ చెప్పించేది. గంట పట్టేది. వకీళ్ళు గడియారాలు చూసుకునేవాళ్ళు. ఆమె బుగ్గన ఇంకో లవంగం పెట్టుకునేది.

నేను చేరిన ఏడాదికి ఆ కేసు వచ్చింది. పడమటి పల్లెలో ఇద్దరు అన్నదమ్ములు, కంకర క్వారీలో కూలీలు. ఒక ఉదయం పొలం గట్టు దగ్గర తగవు పడ్డారు. మధ్యాహ్నానికి తమ్ముడు క్వారీ గుంతలో తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. అన్న దేవదానమే తోసేశాడని కేసు. తోస్తుండగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. గుంత అంచున అతను నిలబడి ఉండగా చూసింది మాత్రం పుల్లలకు పోయిన సుంకులమ్మ అనే అవ్వ. ఆమె మాట మీదే అతని బతుకు ఆధారపడి ఉంది.

ఆమె సాక్ష్యం రోజున మేడం గొంతు చూపించుకోవడానికి సెలవు పెట్టింది. టైపు ముందు నేను ఒక్కదాన్నే. దేవదానం బోనులో నిలబడి సుంకులమ్మ మొహాన్నే చూస్తున్నాడు. ఎర్రటి కళ్ళు, రెప్ప వేయడం లేదు. ప్రాసిక్యూటరు మాట్లాడితే ఆయన మొహాన్ని, జడ్జిగారు మాట్లాడితే ఆయన మొహాన్ని అలాగే పట్టుకుని చూస్తున్నాడు. ఒకసారి నేను పక్క బల్లావిడతో ఏదో అన్నాను, ఆ చూపు నా మీదికి తిరిగింది. చంపినవాడి చూపు ఇదే అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలోనే నా తీర్పు అయిపోయింది.

"గుంత అంచున నిలబడుకోని లోపలికే చూస్తాండె సామీ. రెప్ప గూడా ఎయ్యల్యా. నేను ఓ దేవదానం అని పిలిస్తే పలకల్యా" అంది సుంకులమ్మ. జడ్జిగారు కొత్తగా వచ్చినాయన, చిన్నవాడు. "హి వాజ్..." అని మాట కోసం ఆగారు. నేను ఆగలేకపోయాను. "గ్లేరింగ్, సార్" అన్నాను. ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండానే "ఆ" అన్నారు. కొట్టేశాను. నాలుగింటి బస్సు పోతుందని అవ్వ తొందరపడుతోంది. "గుంతలోకి కోపంగా గుడ్లురిమి చూస్తా ఉన్నాడు, పిలిచినా పలకలేదు, సరేనా అవ్వా?" అని చదివాను. "ఊ" అంది. వేలిముద్ర వేయించుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికి పోతూ జడ్జిగారికి మాట అందించానని మురిసిపోయాను కూడా.

మర్నాడు మేడం వచ్చీ రాగానే ఆ కాగితాలు చదివింది. ఒకచోట వేలు ఆగింది. "ఈ మాట ఎవురిది?" సార్‌ది అన్నాను. ఆమె నా వైపు చూసింది. "నాదే మేడం" అన్నాను. "అవ్వ ఏం చెప్పింది?" చెప్పాను, ఉన్నదున్నట్టు. "దాంట్లో కోపం యాడుండాది?" లేదు. "చదివి వినిపించినాను మేడం, ఊ అనింది" అన్నాను, మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు. "ఊ అనిందా. నువ్వు ఆమెను ఏం చెప్పనిచ్చినావు?" అంది. నాకు ఏడుపు వచ్చింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ అనేది. నాది నోరు జారి, దాని మీద వేలిముద్ర కూడా పడింది.

"లోపలికి పదా, సార్‌కు చెబుదువు" అంది. నా ఉద్యోగం తాత్కాలికం, పొమ్మంటే అదే రోజు పోవాల్సిందే. "మీరు చెప్పండి మేడం" అని బతిమాలాను. "నా మాట గాదే అది" అంది. ఛాంబర్లో నిలబడి చెప్పాను. జడ్జిగారి మొహం ఎర్రబడింది. "నేను ఒప్పుకున్న మాట అది. తప్పంటే నాది కూడా తప్పేగా?" అన్నారు, నన్ను కాదు, మేడంను చూస్తూ. మేడం, "ఒక మనిషి ఉండాడు సార్, బోనులో" అంది. ఆయన ఆ కాగితం తీసి చదువుకుని, ఇద్దరు వకీళ్ళనూ పిలిచి, సాక్షిని మళ్ళీ పిలిపిస్తున్నట్టు ఆర్డరు రాయించారు. ప్రాసిక్యూటరు గొడవ చేశాడు, చెప్పింది చెప్పిందేనన్నాడు. నన్ను ఆ వారమంతా టైపు దగ్గరికి రానివ్వలేదు. దస్త్రాలు కుట్టే పని ఇచ్చారు. దబ్బనం గుచ్చుకోని రోజు లేదు, పోనీలే అనిపించింది.

వాయిదా నాటికి సుంకులమ్మ వచ్చింది. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. "దేవదానం కోపంగా చూస్తున్నాడా అవ్వా?" అని జడ్జిగారే అడిగారు. "ఎవురు చెప్పినారు సామీ?" అంది ఆమె ఆశ్చర్యంగా. "ఇంట్లో గొడ్డు చచ్చిపోతే చూడమా, అట్ల చూస్తాండె. నోరు తెరుచుకోని. పాపం." "మరి నువ్వు పిలిస్తే ఎందుకు పలకలేదు?" "అలవాటుగా పిలిస్తి గానీ, వానికి యాడ ఇనపడుతుంది సామీ? క్వారీలో మందు పేల్చేటోళ్ళు శానామంది చెవిటోళ్ళే. మొగం జూసి మాట్లాడితేనే తెలుసుకుంటాడు. ఈపు తట్టాల, లేకుంటే పలకడు." "ఈ సంగతి మొదట ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు జడ్జిగారు. "మా ఊర్లో పిల్లోళ్ళకు గూడా తెలిసిందే గదా సామీ. అడగకుంటే చెప్పేదానికి అదేమన్నా కొత్త సంగతా?"

అతని సొంత వకీలుకు కూడా ఎవరూ చెప్పలేదట. ఊరంతటికీ తెలిసిన సంగతి కాబట్టి ఊళ్ళో ఎవరికీ అది చెప్పాల్సిన మాట అనిపించలేదు. దేవదానం అప్పుడూ అలాగే చూస్తున్నాడు. నేను మొదటిసారి సరిగ్గా చూశాను. ఆ చూపు ఎవరి కళ్ళ మీదా లేదు, అవ్వ పెదవుల మీద ఉంది. తనను ఉరి తీస్తారో వదిలేస్తారో ఆ పెదవుల్లో వెతుక్కుంటున్నాడు. ఆ రోజు పడ్డ సిగ్గు నా జీవితంలో ఇంకెప్పుడూ పడలేదు.

ఆ తర్వాత డాక్టరు సాక్ష్యం అయింది, క్వారీ అంచున మట్టి జారినట్టు చూపించే ఫోటోలు బయటికొచ్చాయి. నెలల తర్వాత తీర్పు రోజు వచ్చింది. నేను మళ్ళీ టైపు దగ్గర ఉన్నాను. జడ్జిగారు తల వంచి కాగితంలో చూస్తూ చదివారు. నేరం రుజువు కాలేదన్నారు. వకీళ్ళు లేచారు, కానిస్టేబుళ్ళు కదిలారు, తర్వాతి కేసు పిలిచారు. దేవదానం మాత్రం బోనులో కదలకుండా జడ్జిగారి నడినెత్తినే చూస్తున్నాడు. ఆయన పెదవులు అతనికి కనబడలేదు. తన బతుకు తేలిపోయిందని ఆ గదిలో తెలియనివాడు అతనొక్కడే.

మేడం నా మోచేతిని తట్టింది. "పో. నువ్వే చెప్పు" అంది. బోను ముందు నిలబడ్డాను. ఆ ఎర్రటి కళ్ళు నా మొహం మీదికి దిగాయి. "అన్నా, నిన్ను ఇడిసిపెట్టినారు. ఇంటికి పోవచ్చు" అన్నాను, మెల్లగా, ఒక్కో మాటా పెదవులతో విడదీసి. అతను రెప్ప వేయలేదు. "మల్లా చెప్పు తల్లీ" అన్నాడు. చెప్పాను. "ఇంగోసారి" అన్నాడు. మూడోసారి చెబుతుంటే నా గొంతు పోయింది, పెదవులే ఆడాయి. అతనికి అది చాలింది. కమ్మీ పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాడు.

నా బల్ల దగ్గరికి వచ్చేసరికి మేడం తర్వాతి కేసు కాగితం యంత్రంలో పెడుతోంది. ఇప్పుడు ఆ పని నేను చేస్తున్నాను, వేరే ఊరి కోర్టులో. సాక్షికి చదివి వినిపించే ముందు లేచి, నా మొహం కనబడేచోట నిలబడతాను. "ఏం జరిగిందో నువ్వు చెప్పు" అంటాను. కొత్తగా చేరినవాళ్ళు ఆలస్యమవుతోందని విసుక్కుంటారు. ఎవరైనా నన్ను కదలకుండా చూస్తుంటే మాత్రం ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది. కోపమో, భయమో, ఆకలో నాకు తెలియదు. దగ్గరికి పోయి అడుగుతాను.