పట్టు తొడిగిన యుద్ధవిమానం

మొన్న పెరట్లో కొత్త గదికి పునాది తవ్వుతున్న కూలీలు పిడికెడు తుప్పుపట్టిన బోల్టులు తెచ్చి నా చేతిలో పోశారు. "ఇవి యాడివమ్మా?" అని అడిగితే, విమానానివి అన్నాను. నవ్వారు. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి ఇంట్లో విమానం ఉండేదంటే ఎవరైనా నవ్వుతారు.

అది ఒక్క మనిషి కూర్చునే పాత యుద్ధవిమానం. సైన్యం వాడి వదిలేస్తే, పిల్లలకు చూపించడానికి ఒక కాలేజీ తెచ్చుకుంది. ఆ కాలేజీ మూతపడ్డాక పాత ఇనుము వ్యాపారికి చేరింది. మా మామగారు బుక్కరాయసముద్రంలో పెళ్లికి వెళ్లి, భోంచేసి వస్తూ దారిలో దాన్ని చూశారు. పెళ్లికి వెళ్లినవాళ్లు తాంబూలంతో తిరిగొస్తారు, ఆయన లారీతో వచ్చారు. మా అత్త గుమ్మంలోనే నిలబడి, "దీన్ని యాడ పెడ్తావు? నా నెత్తిన పెడ్తావా?" అంది. పెరట్లో రేకుల కొట్టం వేసి పెట్టారు. వైమానిక దళంలో పనిచేసి రిటైరైన మెకానిక్ ఒకాయన ప్రతి ఆదివారం గోరంట్ల నుంచి బస్సులో వచ్చేవాడు. ఇద్దరూ కలిసి పదకొండేళ్లు దాన్ని విప్పుతూ, కడుగుతూ, బిగిస్తూ గడిపారు. ఇంజను మొదటిసారి మోగిన రోజు మేం ఆరబెట్టిన వడియాలన్నీ పక్కింటి మిద్దెక్కాయి. అప్పటికి మామగారికి డెబ్బై దాటాయి. ఆయన కోరిక ఒక్కటే, తన తర్వాత అది మళ్లీ పాత ఇనుములో కలవకూడదు. అంతా పాత పద్ధతిలోనే ఉంటే తీసుకుంటామని ఒక మ్యూజియం వాళ్లు జాబు రాశారు.

ఆ విమానం తోకలో కదిలే పలకకు రేకు కాదు, గుడ్డ తొడుగుతారు. గుడ్డను బిర్రుగా పట్టే వార్నిషు ఒకటుంటుందట, అది మాకు దొరకలేదు. మామగారు తన మగ్గం మీదే మందంగా పట్టు నేయించి, చీరకు పెట్టినట్టే గంజి పెట్టించి, పైన రంగు వేయించారు. "వాన తగిలితే ఏం గతి అన్నా?" అన్నాడు మెకానిక్. "ఈడ వాన యాడుండాదప్పా?" అన్నారు మామగారు. అందరం నవ్వాం.

మ్యూజియం వాళ్లు వచ్చే ముందురోజు విమానాన్ని తుడిచి ఆరుబయట నిలిపారు. సాయంత్రం వాన పట్టుకుంది. రెండేళ్లుగా ఎరగని వాన. వీధి వీధంతా బయటికొచ్చి తడిసింది, మామగారూ తడిశారు. విమానం మీద ఏదైనా కప్పాలన్న ఊహే ఎవరికీ రాలేదు. పొద్దునకు గంజి కరిగి, రంగు చారలు కట్టి, గుడ్డ వేలాడుతోంది. పక్కింటి ఆవు తీరిగ్గా తోకను నాకుతోంది. వచ్చినవాళ్లు మర్యాదస్తులు. కాఫీ తాగి, "ఇక్కడే ఇలా చేస్తే లోపల ఏమేం మార్చారో ఎలా నమ్మడం?" అని వెళ్లిపోయారు.

నెల తిరక్కముందే మామగారే పాత ఇనుము వాళ్లను పిలిపించారు. "నేను పోయినాక మీరు అమ్మేదే గదా. నేనుండంగానే అయిపోనీ," అన్నారు మాతో. నేను ఎసరు పెట్టడానికి లోపలికి వెళ్లాను. మధ్యాహ్నానికి రెక్కలు కోసేశారు. కోసినవాళ్లకు నేనే అన్నం వడ్డించాను, మామగారు వాళ్ల పంక్తిలోనే కూర్చుని తిని, మజ్జిగ మళ్లీ పోయించుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాదు. "మేం అమ్మం మామా" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆయన పోయి ఆరేళ్లయింది, ఆ మాట ఇంకా నా నోట్లోనే ఉంది.